చిత్తుప్రతి చించకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన తాతగారి జీవితచరిత్ర రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరదోషం లేదు. నాయనమ్మ చెబుతుంటే రాసుకున్నానన్నావు, ఆవిడ గొంతు మాత్రం నాకెక్కడా వినపడలేదమ్మా. "క్రమశిక్షణకు మారుపేరు" అని మొగుడి గురించి ఏ నాయనమ్మయినా అంటుందా?

ఈమధ్య ఓ పాత జీవితచరిత్ర ముందేసుకుని కూర్చున్నాను. అమెరికాలో పుట్టిన మార్మన్ మతానికి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ గురించి వాళ్లమ్మ లూసీ చెప్పింది, 1853లో లివర్‌పూల్‌లో అచ్చయింది. ఆ మతంతో నాకు నిమిత్తం లేదు, నన్ను కూర్చోబెట్టింది ఆ తల్లి. 1844 జూన్ 27న ఇలినాయ్‌లోని కార్తేజ్ జైలు మీద గుంపు పడి జోసెఫ్‌నీ, అన్న హైరమ్‌నీ కాల్చి చంపింది. నెల రోజులు దాటీ దాటకముందే మరో కొడుకు శామ్యూల్ పోయాడు. ఆ చలికాలం, డెబ్బైకి దగ్గరపడిన ఆవిడ నావూ ఊళ్లో కూర్చుని చెబుతుంటే 23 ఏళ్ల మార్తా కోరే రాసుకుంది.

జోసెఫ్‌కి ఏడేళ్లప్పుడు జ్వరం తగిలి కాలి ఎముక చెడింది. అప్పట్లో అలాంటి కాలు తీసేసేవాళ్లు. ఈసారి చెడిన ఎముక మాత్రమే తీద్దామనుకున్నారు. మత్తుమందు లేని రోజులు. పిల్లవాడు తాళ్లతో కట్టనివ్వలేదు, బ్రాందీ తాగలేదు, నాన్న పట్టుకుంటే చాలన్నాడు. నువ్వు చూడలేవు, బయటికి వెళ్లమన్నాడు అమ్మని. ఆవిడ మడత దుప్పట్లు తెచ్చి కాలికింద పెట్టి, ఇంటికి దూరంగా నడిచి వెళ్లింది. ఎముక ముక్క విరిచినప్పుడు వాడు పెట్టిన కేకకి పరిగెత్తుకొచ్చింది. ఆపరేషన్ చేసిన నేథన్ స్మిత్ ఆ కాలంలో గొప్ప సర్జన్. ఆయన రాసి ఉంటే ఎముక గురించి రాసేవాడు. దుప్పట్ల సంగతి తల్లికే గుర్తుంటుంది.

మార్తా, ఆమె భర్త కలిసి ఆ చిత్తుప్రతిని దిద్ది సాపు రాశారు. అచ్చయింది ఆ సాపుప్రతే. అదీ నిలవలేదు. తప్పులున్నాయంటూ 1865లో, జోసెఫ్ తర్వాత ఆ మతానికి పెద్దయిన బ్రిగమ్ యంగ్ ఆ పుస్తకాలు వెనక్కిచ్చేయండి, నాశనం చేస్తామని ఆజ్ఞ వేయించాడు. కొన్ని తేదీలు తప్పే, నిజం. కానీ తేదీ తప్పితే పక్కన ఓ చిన్న గమనిక రాస్తే సరిపోదా? అదృష్టం కొద్దీ చిత్తుప్రతి మిగిలింది, 2001లో అచ్చుప్రతి పక్కన పెట్టి వేశారు. రెండూ పక్కపక్కన చదివితే ముసలమ్మ తడబాటు ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది.

నీకు చెప్పే అర్హత నాకు లేదనుకో. మా మేనత్త చెప్పిందంతా ఆరు నోటుబుక్కుల్లో రాసుకున్నాను. పుస్తకం అచ్చవగానే వాటిని పాతసామాన్లవాడికి వేశాను. ఆవిడ "మీ మావయ్య" అనేదా, "ఆయన" అనేదా? ఇప్పుడు గుర్తు రావడం లేదు. పుస్తకంలో మాత్రం "తన భర్త" అని ఉంది.

పదకొండో పేజీలో "ఆర్థిక ఇబ్బందులు ఎదురయ్యాయి" అని దాటేశావే, అక్కడ నాయనమ్మ ఏమందో నాకది కావాలి. ఆ నోటుబుక్కు పోస్టులో వేయకు, పోతుంది. కొట్టివేతలతో సహా ఫోన్లో ఫొటోలు తీసి పంపు.