పిస్టల్ స్ప్రింగులు మార్చే ముందు ఖాళీ కేసు ఎక్కడ పడుతోందో చూడండి

ప్రశ్న: నాన్నగారి తర్వాత .32 పిస్టల్ లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది సార్. స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) లాగాలంటే చెయ్యి నొప్పెడుతోంది, ట్రిగ్గర్ కూడా బరువే. రేంజ్‌లో అప్పుడప్పుడు ఖాళీ కేసు (పేలిన తూటా తొడుగు) బయటపడకుండా స్లైడ్‌లో ఇరుక్కుంటోంది. ఫ్యాక్టరీ స్ప్రింగులు తీసేసి మెత్తవి వేసుకుంటే అన్నీ సర్దుకుంటాయని అమెరికాలో ఉన్న మా బావమరిది అంటున్నాడు, సెట్ పంపిస్తానంటున్నాడు. వేయించుకోమంటారా?
– ఓ పాఠకుడు, భవానీనగర్, తిరుపతి

జవాబు: ముందు ఆ పార్సిల్ ఆపించండి బాబూ. 1959 ఆయుధాల చట్టం తుపాకీ విడిభాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కగడుతుంది. చీరలూ చాక్లెట్లూ వచ్చే డబ్బాలో రావాల్సిన సరుకు కాదది. మరమ్మతు కూడా లైసెన్సున్న డీలరు దగ్గరే చేయించాలి.

ఇక అసలు సంగతి. రికాయిల్ స్ప్రింగ్, అంటే స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసేది, నీరసిస్తే స్లైడ్ వేగంగా వెనక్కొచ్చి ఫ్రేమును (పిస్టల్ కింది చట్రాన్ని) గుద్దుతుంది, ఖాళీ కేసు మామూలు కంటే దూరంగా ఎగిరిపడుతుంది. మీకు జరిగేది దానికి వ్యతిరేకం: కేసు బయటికే రావడం లేదు. అంటే చాలావరకు స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లడం లేదనే. నేను ఆర్మ్డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసేవాడిగా) ఉన్నన్నాళ్లూ ఇలాంటి పిస్టల్ చేతికొస్తే మొదట చూసేది స్లైడ్ జారే గాడులే. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న తుపాకీలో పాత గ్రీజు గోధుమరంగుకు తిరిగి, గోటితో గీకితే మైనంలా లేస్తుంది. స్లైడ్ బిగుసుకోవడానికి అదొక్కటి చాలు. మేగజైన్ (తూటాల పెట్టె) తీసి, చాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, శుభ్రం చేసి పలచగా నూనె రాయండి. ఆ తర్వాతా ఇరుక్కుంటే తూటాలు పాతవా, కాల్చేటప్పుడు మణికట్టు సడలుతోందా, ఖాళీ కేసును వెనక్కి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగిందా అని వరసగా చూడాలి.

మెత్త స్ప్రింగ్ ఎందుకు వద్దంటున్నానంటే, చాలా .32 పిస్టళ్లలో బ్యారెల్‌ను (గొట్టాన్ని) స్లైడ్‌తో బిగించి ఉంచే లాక్ ఉండదు. తూటా పేలినప్పుడు వెనక్కి తోసే శక్తిని ఆపేది స్లైడ్ బరువు, ఆ స్ప్రింగు, అంతే. దాన్ని మెత్తన చేస్తే లాగడం సుఖమే, దెబ్బ తినేది ఫ్రేము. అలాగని మరీ గట్టిది వేసినా స్లైడ్ సగంలోనే ఆగిపోయి తరవాతి తూటాను అందుకోదు. వేయాల్సి వస్తే అదే మోడల్‌కు ఫ్యాక్టరీ చెప్పిన బలమే వేయించండి. పక్కింటాయన సలహా విని రెండు చుట్లు కత్తిరించేవాళ్లూ ఉన్నారు. కత్తిరించిన స్ప్రింగ్ మొదటి నుంచి చివరిదాకా మునుపటికంటే వదులే. పైగా తెగిన కొన లోపలి లోహాన్ని గీరుతుంది.

ట్రిగ్గర్ బరువు వేరే కథ, అక్కడ హేమర్‌ను (పిన్నును కొట్టే సుత్తిని) కొట్టించే మెయిన్‌స్ప్రింగ్ పాత్ర ఉంది. దాన్ని తేలిక చేస్తే ట్రిగ్గర్ మెత్తబడ్డట్టే ఉంటుంది గానీ, ఒక్కోసారి టక్‌మని శబ్దమొచ్చి తూటా పేలదు. ఆ తూటా తీసి అడుగున ప్రైమర్ (తూటాను అంటించే మందు బిళ్ల) చూస్తే పిన్ను చేసిన గుంట లోతు లేకుండా, చీమ కుట్టినంత గుర్తు కనిపిస్తుంది. అలా పేలనప్పుడు వెంటనే స్లైడ్ లాగొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఆత్మరక్షణకని పెట్టుకున్న ఆయుధంలో ఈ ప్రయోగం నాకైతే అస్సలు నచ్చదు.

ప్రశ్న: మేగజైన్ ఎప్పుడూ నింపి ఉంచితే స్ప్రింగ్ టెన్షన్ పోతుందంటారు, నిజమేనా?
– మరో పాఠకుడు, పలమనేరు

జవాబు: మంచి స్ప్రింగ్ అణిగి ఉన్నందుకంటే, మాటిమాటికీ అణిగి లేచినందుకే ఎక్కువ అలసిపోతుంది. పరిమితికి మించి అణిచినా, తుప్పు పట్టినా మాత్రం పాడవుతుంది. చివరి తూటాలు సరిగ్గా పైకి లేవకపోతే స్ప్రింగ్ మార్పించండి. మేగజైన్ లోపల మాత్రం నూనె పొయ్యకండి. దుమ్ము పట్టేస్తుంది, ప్రైమర్‌లోకి దిగితే తూటా చచ్చుబడుతుంది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించే ముందు మేగజైన్ ఖాళీ చేసి, రసీదులో పిస్టల్ నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోండి.