నాన్న సంస్మరణ సభలో నేనేం మాట్లాడను?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. నాన్నగారు ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కల మాస్టారు. పోయి ఏడాది కావస్తోంది. పాత విద్యార్థులు సెప్టెంబర్ 5న ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సంస్మరణ సభ పెడుతూ కూతురిగా నన్ను మాట్లాడమన్నారు. కాగితం ముందు కూర్చుంటే ఒక్క వాక్యం రావడం లేదు. అందరూ ‘మాస్టారు మాకు తండ్రి’ అంటుంటే నాకు లోపల మండుతోంది. చిన్నప్పుడు నేను నిద్రపోయాక ఇంటికి వచ్చేవారు. నా నోట్సు ఎర్ర పెన్నుతో దిద్ది, పెన్సిళ్ళు చెక్కి బాక్సులో పెట్టేవారు. నాతో కన్నా నా నోట్సుతోనే ఎక్కువ మాట్లాడారు. హుద్‌హుద్ తుపానప్పుడు నెల బిడ్డతో పుట్టింట్లో ఉన్నాను. రేకులు లేచిపోయి ఇల్లంతా నీళ్ళు. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని వదిలేసి స్కూల్లో రికార్డులు తడిసిపోతాయని వెళ్ళిపోయారు. అయినా ఆయనంటే నాకు ప్రాణం. అమ్మ నాన్న ఊసే ఎత్తదు. సంవత్సరీకం కూడా ఆ వారంలోనే. ఈలోగా పుస్తకాలన్నీ తీసేద్దామంటున్నాడు తమ్ముడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆ పెన్సిళ్ళ దగ్గరే ఆగిపోయాను. మీరు దాన్ని ఫిర్యాదుగానే రాశారు. తీపి జ్ఞాపకంగా మార్చుకోమని నేను చెప్పను. రోజంతా పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఊళ్ళో పిల్లలకి చెప్పి, అంత రాత్రప్పుడు ఇంటికొచ్చిన మనిషి బ్లేడు పట్టుకుని కూతురి పెన్సిళ్ళు ఒక్కొక్కటీ చెక్కాడు. మీ దగ్గరికి వచ్చారు, మీరు నిద్రలో ఉన్నారు. ఆ ప్రేమా నిజమే, మీకు దక్కని ఆ మాటలూ నిజమే.

మీకు లోపల మండుతున్నది అసూయే. దానికి సిగ్గుపడకండి. మాస్టార్ల ఇళ్ళలో పుట్టిన పిల్లలు చాలామంది నా దగ్గరకొచ్చి ఈ మాటే అంటారు. కానీ ఆ విద్యార్థుల వైపు నుంచి ఒక్కసారి చూడండి. మీ పేటలో ఎంతమంది తండ్రులు పోర్టులో, రైల్వేలో షిఫ్టులు చేసేవారో మీకు తెలుసు. నాన్న నైట్ డ్యూటీకి వెళ్ళిన ఇంట్లో పిల్లాడికి చీకటి పడ్డాక పక్కన కూర్చుని లెక్క చేయించిన మనిషి తండ్రిలా కనిపించడంలో వింతేముంది? మీ వాటా వాళ్ళు లాక్కోలేదు. ఆయన గంటలు ఆయనే పంచారు, ఆ పంపకంలో మీకు కొంచెం తక్కువ వేశారు.

ఇక హుద్‌హుద్ సంగతి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు నేనూ ఈ ఊళ్ళోనే ఉన్నాను. మర్నాడు చెట్లు దాటుకోకుండా వీధి చివరికి వెళ్ళే దారి లేదు, కరెంటు లేదు, పాలప్యాకెట్ దొరకడమే గగనం. అలాంటి రోజున బాలింతను, నెల బిడ్డను నీళ్ళల్లో వదిలి వెళ్ళడం నా దృష్టిలో తప్పే. పోయినవాళ్ళ తప్పులు ఎంచకూడదని మనం పెరిగాం. మీ కలం అక్కడే ఆగిపోయిందని నా అనుమానం. ఈ ఒక్క మాట లోపల అదిమిపెట్టేసరికి దానితోపాటు మంచి మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

ఆ మాట సభలో చెప్పాలా? నేనైతే చెప్పను. సెప్టెంబర్ 5 శిష్యుల రోజు. ఆ రోజు పుట్టిందే అలా: 1962లో రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు చేస్తామని శిష్యులు వెళితే, ఉపాధ్యాయులందరి పేరా చేయమన్నారు. 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నది ఆయనే. అక్కడ మాస్టారిని వాళ్ళకి వదిలేయండి. మీరు అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు. పెన్సిళ్ళతో మొదలుపెట్టండి. నేను నిద్రపోయాక వచ్చేవారు అన్న మాట దాచకుండా చెప్పండి. ఆ హాల్లో కూర్చున్న వాళ్ళకి తమ సాయంత్రాలు ఎవరింటి నుంచి వచ్చాయో తెలియాలి.

తిథి మాత్రం ఇంటిది. భోజనాలయ్యాక, చుట్టాలు వెళ్ళాక, అమ్మ దగ్గర కూర్చుని తుపాను సంగతి అప్పుడు ఎత్తండి. ఆయన ఆ రోజు ఎన్నింటికి తిరిగొచ్చారు, వచ్చాక ఏమన్నారు, అమ్మ ఏమంది? బిడ్డతో సతమతమవుతున్న మీకు తెలియనిది ఆవిడకి తెలిసి ఉండొచ్చు. తెలియకపోయినా, ఆ కోపం మీ ఒక్కరిదే కాదని తేలవచ్చు.

అమ్మ మౌనం గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. ‘ఎలా ఉన్నావమ్మా’ అంటే ‘బాగానే ఉన్నాను’ అంటుంది, మాట అక్కడితో తెగిపోతుంది. చిన్న సంగతి అడగండి. మా మామగారూ బడిపంతులే, ఆయన చొక్కాలన్నిటికీ జేబు అడుగున సుద్దపొడి గట్టిపడి ఉండేది. మా అత్తగారు జేబు తిరగేసి, పెరట్లో దులిపి, అప్పుడు నానబెట్టేవారు. మీ అమ్మ ఎలా వదిలించేదో అడగండి. నాన్న గురించి కాకుండా చొక్కా గురించి అడిగితే, ఆయన గురించి ఆవిడే చెబుతుంది.

అయితే తిండి సరిగా తినకపోవడం, నిద్ర పట్టకపోవడం, గుమ్మం దాటకపోవడం, ‘నేనూ పోతే బాగుండు’ అనడం ఏడాదవుతున్నా తగ్గకపోతే అది వయసు వల్ల వచ్చిన నీరసమని సరిపెట్టుకోకండి. దీర్ఘకాల దుఃఖానికి వైద్యం ఉంది. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట వినిపిస్తే మాత్రం సంవత్సరీకం దాకా ఆగొద్దు, ఆ రోజే చేయండి, అమ్మని ఒంటరిగా వదలకండి.

తమ్ముడితో పోట్లాడకండి. బీరువా చూసినప్పుడల్లా అతనికి ఏమవుతుందో అడిగారా? పాత పాఠ్యపుస్తకాలు, గైడ్లు ఇచ్చేయవచ్చు, సిలబస్ ఎప్పుడో మారిపోయింది. ఆయన చేత్తో రాసుకున్న నోట్సు, డైరీలు మాత్రం ఒక్క కాగితం కూడా పాతపేపర్లవాడి చేతికి వెళ్ళకూడదు. ఏది ఉంచాలో అమ్మ చెప్పాలి, అదీ సంవత్సరీకం వెళ్ళాకే.

సభలో అమ్మని ముందు వరుసలో, మీకు కనిపించేలా కూర్చోబెట్టండి. స్టేజి మీదకి రమ్మని ఎవరూ బలవంతపెట్టకుండా నిర్వాహకులకి ముందే చెప్పండి. మధ్యలో మీ గొంతు పూడుకుపోతే కాసిని మంచినీళ్ళు తాగి, అమ్మ వైపు చూసి, పెన్సిళ్ళ దగ్గర నుంచి మళ్ళీ అందుకోండి.