ముందు వీల్‌బేస్ కొలవండి, తర్వాతే తొట్టి

బండి సందేహాలు: జవాబులిచ్చేది నెల్లూరు ఆటోనగర్ బాడీ మేస్త్రి

ప్రశ్న: మా తాతగారి షెవర్లే పికప్ కావలిలో మా దొడ్లో ఉంది. ఇంజన్ బాగు చేయించాం, వెనక తొట్టిని మాత్రం తుప్పు తినేసింది. 1950 నాటి షెవర్లే 3100కి తొట్టి 78 అంగుళాలని ఫోన్‌లో చూశాం. మా టింకర్ ఆ కొలతకే రేకు కోస్తానంటున్నాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య టేపు పెడితే 318 సెంటీమీటర్లు వచ్చింది. ఆ తొట్టి సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: రేకు కోయొద్దని ముందు ఆ టింకర్‌కి కబురు పెట్టండి. 318 సెంటీమీటర్లంటే 125 అంగుళాల పైమాటే. 3100 వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం, 116 అంగుళాలు; 295 సెంటీమీటర్లు దాటదు. కాబట్టి మీ దొడ్లో ఉన్నది 3100 కాదు, దాని అన్న 3600. ముప్పావు టన్ను బరువు మోసే తరగతి బండి. దాని వీల్‌బేస్ 125 అంగుళాల పావు, తొట్టి 87 అంగుళాలు.

ఈ పొరపాటు చాలామందికి జరుగుతుంది. 1947లో వచ్చి 1955 మొదటిదాకా నడిచిన ఆ షెవర్లే పికప్‌లన్నిటికీ బానెట్ ఒకటే, క్యాబిన్ ఒకటే. ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే ఏది ఏదో చెప్పలేం. తేడా అంతా క్యాబిన్ వెనకే ఉంది. అర టన్ను 3100కి 116 వీల్‌బేస్, 78 తొట్టి. మీ 3600కి 125 పావు, 87. ఒక టన్ను 3800కి 137 వీల్‌బేస్, 108 అంగుళాల తొట్టి. అనుమానముంటే చక్రం బోల్టులు లెక్కపెట్టండి. 3100కి ఆరుంటాయి, 3600కి ఎనిమిది. వెనక చక్రం మధ్యలో హబ్ గుబ్బలాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఇంక తిరుగే లేదు, అది అర టన్ను ఇరుసు కాదు.

ఈ అంకెల్లో మేస్త్రికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 3100 నుంచి 3600కి వీల్‌బేస్ తొమ్మిది అంగుళాల పావు పెరిగింది, తొట్టి తొమ్మిది పెరిగింది. అంటే పెరిగిందంతా క్యాబిన్‌కీ వెనక ఇరుసుకీ మధ్యే. ఇరుసు దాటి వెనక్కి వేలాడే భాగం అంతే ఉండిపోయింది. అదే 3800 చూడండి: వీల్‌బేస్ 21 పెరిగితే తొట్టి 30 పెరిగింది. ఆ మిగిలిన తొమ్మిదీ ఇరుసు వెనక్కి పోయాయి.

ఇప్పుడు మీ బండి మీద 78 అంగుళాల తొట్టి పెట్టారనుకోండి. ఈ తొట్టికి మడ్‌గార్డ్ పక్క రేకుకే బిగిస్తారు కదా. మడ్‌గార్డ్ చక్రం మీదికి సరిగ్గా వచ్చేట్టు పెడితే క్యాబిన్ వెనక జానెడు ఖాళీ నోరు తెరుచుకుంటుంది. క్యాబిన్‌కి ఆనిస్తే చక్రం మడ్‌గార్డ్ వంపు దాటి వెనక్కి పోతుంది. రెండూ చూడ్డానికి బాగుండవు. పైగా చక్రం బురదంతా తొట్టి మూలన చేరి, మూడు వానాకాలాల్లో మళ్లీ తుప్పే.

ఛాసిస్ ముట్టుకోవద్దు. దాన్ని కోసి కురచ చేద్దామని ఎవరైనా అంటే వినొద్దు. ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 87 అంగుళాలకే తొట్టి కట్టించండి. అడుగున రేకు పరచొద్దు, అసలు బండికి ఉన్నట్టే చెక్క పలకలు వేయించండి. పలకకీ పలకకీ మధ్య సందు వదిలి, ఆ సందు మీద ఇనుప పట్టీ వేసి బోల్టుతో బిగించాలి. సందు లేకుండా ఇరికిస్తే మన తుఫాను వానలకి చెక్క ఉబ్బి పట్టీల్నే పైకి లేపుతుంది. కావలికి సముద్రం దగ్గర, ఉప్పుగాలి. బోల్టులు జింకు పూతవే తీసుకోండి.

ఇంకో మాట. టేపు ఒక పక్కే పెట్టినట్టున్నారు. బండిని చదునైన గచ్చు మీద నిలిపి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, హబ్ మధ్య నుంచి తూకం గుండు వేలాడదీసి కింద సుద్దతో గుర్తు పెట్టండి. నాలుగు చక్రాలకూ అట్టాగే. అప్పుడు బండిని పక్కకి నెట్టి గుర్తుల మధ్య కొలవండి. కుడివైపుకీ ఎడమవైపుకీ తేడా కనిపిస్తే కమాన్ల (ఇరుసుకి బిగించే స్ప్రింగ్ పట్టీల) సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందేమో చూడాలి. అది సరిచేయకుండా ఎంత మంచి తొట్టి కట్టినా మడ్‌గార్డులో చక్రం వంకరగానే కనిపిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. 1970 షెవర్లే సి-10 కొనాలని సరదా. పొట్టి తొట్టి బండి ధర ఎక్కువట. పొడుగుది చవగ్గా కొని కోయించుకుంటానంటున్నాడు. మంచిదేనా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: నేనైతే ఒప్పుకోను. ఆ బండికి పొట్టి వీల్‌బేస్ 115 అంగుళాలు, తొట్టి ఆరున్నర అడుగులు. పొడుగుది 127, తొట్టి ఎనిమిది అడుగులు. తొట్టిలో 18 అంగుళాల తేడా ఉంటే వీల్‌బేస్‌లో 12 మాత్రమే. కాబట్టి ఛాసిస్‌ని ఒకచోట కోస్తే పోదు, ఇరుసుకి ముందూ తగ్గించాలి, తోకా కత్తిరించాలి. పొడుగు బండికి ఇంజన్ తిప్పుడుని వెనక ఇరుసుకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలుగా, మధ్యలో బేరింగ్ ఉంటాయి. అదీ మార్చాలి. బ్రేకు పైపులు, తొట్టి సరేసరి. ఇంతా చేస్తే మిగిలేది వెల్డింగ్ అతుకున్న ఛాసిస్.

అదే కాలం ఫోర్డ్ ఎఫ్-100 పొట్టిది 115, పొడుగుది 131. అదే ఎనిమిదడుగుల తొట్టికి ఫోర్డ్ వాళ్లు వీల్‌బేస్ నాలుగంగుళాలు ఎక్కువిచ్చారు. బరువు ఇరుసు ముందు పడితే బండి నిబ్బరంగా నడుస్తుంది, వెనక పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. షెవర్లే వాళ్లు కూడా 1968లో లాంగ్‌హార్న్ అని 133 వీల్‌బేస్ బండి తెచ్చారు, ఎనిమిదిన్నర అడుగుల తొట్టితో. తొట్టి మీద క్యాంపర్ గది మోసే వాళ్లకోసం. పెంచిన ఆరంగుళాలూ క్యాబిన్ వైపే పెంచారు. ఆ మేస్త్రుల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

మీ అబ్బాయిని పొడుగు బండి కొని పొడుగుగానే ఉంచుకోమనండి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు పరిచి, వెనక తలుపు వేసుకుని పోవచ్చు.

ప్రశ్న: నిమ్మకాయల బస్తాలకి టాటా ఏస్ వాడతాను. దాని తొట్టి ఏడడుగుల పైనే ఉంది. అంత పెద్ద అమెరికా పికప్‌కి ఆరున్నరేంటి?
– గూడూరు

జవాబు: ఏస్ వీల్‌బేస్ 2100 మిల్లీమీటర్లు, 83 అంగుళాలకి కాస్త తక్కువ. తొట్టి 2200. డ్రైవర్ ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, ఇంజన్ సీటు కింద. అమెరికా బండిలో ముందు బానెట్, దాని వెనక క్యాబిన్, ఆ తర్వాతే తొట్టి. ఆ పొడవంతా బానెట్టే మింగేస్తుంది. వాళ్లూ మన ఏస్ పద్ధతి ప్రయత్నించారు: 1961లో ఫోర్డ్ ఎకనోలైన్, 1964లో డాడ్జ్ ఏ-100, రెండూ 90 అంగుళాల వీల్‌బేసే. ఖాళీగా ఉన్నప్పుడు ఎకనోలైన్‌కి ముందు బరువెక్కువై వెనక తేలికయ్యేది. మీ ఏస్‌లో బస్తాలు సగమే ఉంటే వెనక తలుపు దగ్గర పేర్చొద్దు, ఇరుసు మీదా దానికి ముందూ వేయించండి.