బత్తాయి ఏందో, నిమ్మకాయ ఏందో మెషిన్‌కు ఎట్ల తెలుస్తది?

పేర్లు చెప్పకుండ, నల్లగొండ మార్కెట్ల కుప్పలోంచి బత్తాయిలను, నిమ్మకాయలను మెషిన్ ఎట్ల వేరు చేస్తదని అడిగిన్రు. దానికి కాయ కనబడదు, మీరు రాసిచ్చిన అంకెలే కనబడతయ్. రెండు కాయల బరువు, సైజు, రంగు తేడాలను వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే వాటి నడుమ దూరం వస్తది. పదో తరగతి సూత్రమే. దగ్గరున్నవన్నీ ఒక గుంపు. తొక్క మందం మీరు రాయలేదంటే, ఆ తేడా దాని లెక్కల లేనట్టే.

అసలు తిప్పలు యూనిట్లతోని. పచ్చి రంగుకు 0, పసుపుకు 1 అనుకోండి. మూడు బత్తాయిలు: మొదటిది 160 గ్రాములు, రంగు 0.2, రెండోది 200 గ్రాములు, 0.2, మూడోది 165 గ్రాములు, 0.9. మొదటిదానికి రెండోది 40 దూరం, మూడోది 5.05. అంటే పచ్చికాయకు పసుపుకాయ జోడీ! అదే బరువును కిలోల్ల రాస్తే రెండోది 0.04, మూడోది 0.70. కాయలు అవే, జోడీ మారిపాయె.

అందుకే ముందు ప్రతి కాలమ్ నుంచి దాని సగటు తీసేసి, ప్రామాణిక విచలనంతో (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరినయో చెప్పే కొలతతో) భాగించాలె. రేపు కొత్త లోడు వస్తే దాన్ని కూడ పాత సగటు, పాత విచలనంతోనే మార్చాలె. చాలామంది మళ్ల కొత్తగ లెక్కగట్టి ఇక్కడే దెబ్బతింటరు.

ఆ తర్వాత గుంపులు చేసే పద్ధతి, కె-మీన్స్. రెండు కేంద్రాలు పెట్టి, ప్రతి కాయను దగ్గరి కేంద్రానికి ఇచ్చి, కేంద్రాన్ని ఆ గుంపు సగటుకు జరపాలె. ఏ కాయా గుంపు మారనిదాక ఇదే పని. మొదలు ఎక్కడ పెట్టినమన్నదాన్ని బట్టి ఫలితం మారుతది కాబట్టి, 10 సార్లు నడిపి, కాయల నుంచి వాటి కేంద్రాలకున్న దూరాల వర్గాల మొత్తం తక్కువొచ్చింది ఉంచుకోండి. కుప్పల ఒక్క పంపరపనస పడ్డా అదొక్కటే ఒక గుంపు పట్టేసి, బత్తాయి, నిమ్మ ఒక్కచోటికి చేరొచ్చు. గుంపులకొచ్చేది 0, 1 అనే నంబర్లే, పేరు మనం పెట్టాలె. గుంపులు ఎంత బాగ కుదిరినయో చెప్పే స్కోర్లు చూసే ముందు గ్రాఫ్ గీసి కండ్లతో చూసుడే మేలని నేనంట.

మాటలకైతే ఒక్కో మాటను అంకెల వరుసగ, అంటే ఒక బాణం లెక్క రాసి, దూరం బదులు రెండు బాణాల నడుమ కోణం చూస్తరు. 2013ల గూగుల్ వాళ్ల వర్డ్‌టువెక్ అనే ప్రోగ్రామ్ పక్కపక్కన వచ్చే మాటలను బట్టే ఆ బాణాలు గీసింది. అందుకే బత్తాయి, మోసంబి దగ్గరికొస్తయ్. ‘ఎక్కువ’, ‘తక్కువ’ కూడ దగ్గరికే వస్తయ్, ఒకే తీరు వాక్యాలల్ల వాడతం కదా. ఇగ తెలుగుల బత్తాయి, బత్తాయిలు, బత్తాయికి అన్నీ వేరే మాటలనుకుంటది. మాటను ముక్కలు చేసి నేర్చుకునే ఫాస్ట్‌టెక్స్ట్ తీసుకుంటే ఈ బాధ చానా తగ్గుతది.