మాడు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి,

ఆశీస్సులు. మెదడు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పులేం లేవు. పెద్ద మెదడు, చిన్న మెదడు, వాటి అడుగున వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం, పుర్రెలో 22 ఎముకలు, వాటిలో మెదడును కప్పేవి 8, మూడు పొరలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ చదివినంతసేపూ ఒక్కసారి కూడా నా చెయ్యి తల మీదికి పోలేదు. మెదడు గురించి చదివే మనిషి ఎక్కడో ఒకచోట తల తడుముకోవాలి.

పసిబిడ్డకు నీళ్లు పోసే ఇంటికి వెళ్లి కాసేపు కూర్చో. నూనె అంటుతున్న పెద్దావిడ చెయ్యి మాడు దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. వేలికి మెత్తగా తగులుతుంది, సన్నగా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడ ఎముకలు ఇంకా కలవలేదు. కాన్పులో ఇరుకు దారిలోంచి రావడానికి అవి కాస్త జరగాలి, పుట్టాక లోపల మెదడు ఎదగడానికి చోటుండాలి. ఏడాదిన్నర వచ్చేసరికి మామూలుగా మాడు పూడుతుంది. విరేచనాలై ఒంట్లో నీరు పోతే మాడు గుంటపడుతుందని ఆ పెద్దావిడకు తెలుసు. జ్వరంతో పాటు ఉబ్బి బిగుసుకుంటే మెదడు పొరల వాపు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. నీ వ్యాసం ఆ వేలి కింద మొదలవ్వాలి.

మెదడును కప్పే మూడు పొరలకు వరాశిక, లౌతికళ, మృద్వి అని పేర్లు రాసి ఊరుకున్నావు. నిఘంటువు తీసి చూశావా? వరాశి అంటే ముతక బట్ట. లూత అంటే సాలెపురుగు. మృద్వి అంటే మెత్తనిది. పుర్రెకు లోపల ముతక బట్ట, దాని కింద సాలెగూడు, ఆ కింద ప్రతి మడతలోకీ దిగి మెదడును అంటిపెట్టుకున్న మెత్తటి పొర. పేర్లలోనే బొమ్మంతా ఉంది. ఆ సాలెగూటి పోగుల మధ్య ఉండే నీరే మస్తిష్క మేరుద్రవం, మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండేది. మొత్తం కలిపితే 150 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుకు లోపే. కానీ రోజుకు అర లీటరు కొత్తగా ఊరి, పాతది రక్తంలోకి ఇంకుతూ ఉంటుంది. 1,400 గ్రాముల మెదడు అందులో తేలుతూ 50 గ్రాముల బరువుగానే ఆనుతుంది. బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపూ తేలిగ్గా వచ్చి, పైకి తేలగానే చేతులు లాగేస్తుంది చూడు, అదే సంగతి.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేనూ నీలాగే, "మెదడు ఇనప్పెట్టెలో దాచినంత భద్రంగా ఉంటుంది" అని రాశాను. నెల తిరక్కుండా ఒకావిడ దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఆవిడ భర్త తాపీమేస్త్రీ. పరంజా మీంచి పడ్డాడు, కణతకు దెబ్బ తగిలింది. చుక్క రక్తం కారలేదు. కాసేపు స్పృహ తప్పి లేచాడు, నడిచి ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు, తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. "ఇనప్పెట్టె అన్నారు కదండీ, మరి ఎందుకు పోయాడు?" అని అడిగింది.

కణత దగ్గర ఎముక పలచన. దానికి లోపలివైపు ఆనుకుని వరాశికకు రక్తం తెచ్చే ధమని ఉంటుంది. ఎముక చిట్లితే అది తెగి, రక్తం ఎముకకీ వరాశికకీ నడుమ చేరుతుంది. పెద్దవాళ్ల పుర్రె పసిబిడ్డ మాడులా చోటివ్వదు. నెత్తురు పెరిగేకొద్దీ మెదడు కిందికి నొక్కుకుపోయి, ఊపిరిని నడిపించే భాగం నలుగుతుంది. మధ్యలో కొన్ని గంటలు మనిషి బాగానే మాట్లాడవచ్చు. ఆ గంటల్లో స్కాన్ తీసి, ఎముకను తెరిచి రక్తం తీసేస్తే చాలామంది బతుకుతారు. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదైనా ఆగకూడదు. ఈ నాలుగు మాటలు నా వ్యాసంలో లేవు. పుర్రె ఎంత గట్టిదో చెప్పాను, ఆ గట్టిదనం ఎప్పుడు ప్రాణం తీస్తుందో చెప్పలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

అందుకే నీ చివరి పేరా మార్చమంటున్నాను. "హెల్మెట్ తప్పనిసరి" అనేది రోడ్డు పక్క బోర్డు మీద ఉన్నదే. లోపలి థర్మాకోల్ ఏం చేస్తుందో రాయి. తల ఠక్కున ఆగినా మెదడు ఆగదు, పుర్రె గోడకు కొట్టుకుంటుంది. ఒక్కోసారి దెబ్బ తగిలిన వైపు కాక ఎదురు వైపు గాయమవుతుంది. థర్మాకోల్ తను నలిగి, తల ఆగడానికి ఆ కాస్త వ్యవధి ఇస్తుంది. నలిగింది మళ్లీ పొంగదు కాబట్టి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చాలి. పట్టీ బిగించకపోతే ముందు అదే ఎగిరిపోతుంది.

తిరగరాశాక నాకు పంపే ముందు మీ నాన్నగారికి చదివి వినిపించు. రోజూ బండి మీద పనికెళ్లే మనిషన్నావు కదా. ఆయన ఎక్కడ ఆపి ప్రశ్న అడిగారో అక్కడ గీత గీసి పంపు.

ఆశీస్సులతో.