కాల్గరీకి అమ్మానాన్న వస్తే ముందు సీ-ట్రెయిన్ ఎక్కడం నేర్పండి

జూలైలో అమ్మానాన్న కెనడాలోని కాల్గరీకి వస్తున్నారు, పక్కనున్న కొండల పార్కు బాన్ఫ్ కాక ఇంకేం చూపించాలి అని మీలో కొందరు అడిగారు. శని, ఆదివారాల సంగతి తర్వాత. మీరు ఆఫీసుకి పోయిన ఐదు రోజులూ వాళ్లేం చేస్తారో ముందు అది చూడండి. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని కొడుకు కారు కోసం ఎదురుచూస్తుంటారు. నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లకి సీ-ట్రెయిన్, అంటే ఈ ఊళ్లో తిరిగే లోకల్ రైలు, ఎక్కడం నేర్పండి చాలు.

మా నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మేముండేది సాడిల్‌టౌన్ స్టేషన్ దగ్గర. బ్లూ లైను బయల్దేరేదే అక్కడ, సీటుకి ఢోకా లేదు. ప్లాట్‌ఫాం మీది మెషీన్లో టికెట్ తీయడం చూపించాను. గేట్లేవీ ఉండవు, టికెట్ 90 నిమిషాలు చెల్లుతుంది. మర్నాడు ఒక్కరే వెళ్లి సిటీ హాల్ దగ్గర దిగి, సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్నారు. 2018లో తెరిచిన ఆ భవనం కిందనుంచే రెడ్ లైను రైళ్లు పోతాయి. ఉత్తరం కొసన అద్దాల దగ్గర కూర్చుంటే పట్టాలు కనిపిస్తాయి. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూనే ఏ రైలుకి మూడు పెట్టెలు, ఏ రైలుకి నాలుగు, ఎక్కడ వేగం తగ్గిస్తున్నారో అన్నీ అమ్మకి చెప్పారు. బాన్ఫ్ పార్కులోని లేక్ లూయీస్ సరస్సు చూసొచ్చినప్పుడు కూడా ఆయన అంత మాట్లాడలేదు!

డౌన్‌టౌన్‌లో 7వ అవెన్యూ స్టేషన్ల మధ్య తిరగడానికి టికెట్టే అక్కర్లేదు. అక్కణ్ణుంచి ప్రిన్సెస్ ఐలాండ్ పార్కుకి నడిచే వెళ్లొచ్చు.

ఇంటి అడ్రసు మాత్రం కాగితం మీద రాసి జేబులో పెట్టండి, చివర ఎన్ఈ (ఈశాన్యం), ఎస్‌డబ్ల్యూ (నైరుతి) లాంటి అక్షరాలతో సహా. ఊరిని నాలుగు ముక్కలు చేసి వీధులకి అవే నంబర్లు మళ్లీ మళ్లీ పెట్టారు. 17వ అవెన్యూ ఎస్‌డబ్ల్యూకి వెళ్లాల్సినవాళ్లు ఎస్ఈలో తేలితే ఊరికి ఇంకో దిక్కున ఉన్నట్టే. ఇంత పెద్ద ఊళ్లో వీధులకి పేర్లే కరువయ్యాయా?

బాన్ఫ్ ఎలాగూ వెళ్తారు, సుమారు గంటన్నర దారి. అక్కడి మొరేన్ లేక్ సరస్సుకి మాత్రం 2023 నుంచి సొంత కార్లని వదలడం లేదు. జాతీయ పార్కులు చూసే పార్క్స్ కెనడా వాళ్ల షటిల్ బస్సు ముందే బుక్ చేసుకోండి.

జూలై మొదట్లో స్టాంపీడ్ అనే కౌబాయ్ ఉత్సవం జరిగే పది రోజులూ రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, పెద్దవాళ్లని పొద్దున్నే పంపండి. ఎండాకాలమైనా స్వెటర్ ఇవ్వండి. మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే లైబ్రరీలోనే ఉండిపొమ్మనండి, ఇక్కడి వడగళ్లు కార్ల అద్దాలే పగలగొడతాయి.