డ్యూటీ చార్టులో సాధకానికి చోటెక్కడ?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా గాత్రం నేర్చుకుంటోంది. ఇప్పుడు ఇంటర్ బైపీసీ, విజయవాడలోనే హాస్టల్ కాలేజీ. నీట్ అయ్యేదాకా పాట మాన్పించమని ఇంట్లో అందరూ ఒకటే పోరు. మానేస్తే మళ్లీ అందుకుంటుందా?
– ఒక తండ్రి, పటమట

జవాబు: పాఠం ఆపండి, సాధకం ఆపకండి. చదువుకు పోటీ వచ్చేది కొత్త కృతి నేర్చుకోవడం. దానికి మనసు పెట్టాలి, సాహిత్యం బట్టీ కొట్టాలి. ఉన్న పాటను నిలబెట్టుకోవడానికి అంత శ్రమ అక్కర్లేదు. మొదటి పాఠాలైన సరళీ, జంట వరసలు మూడు కాలాల్లో (వేగాల్లో), వచ్చిన వర్ణాల్లో ఏదో ఒకదాన్ని రెండు కాలాల్లో పాడితే పావుగంట పని. హాస్టల్లో కుదరకపోతే ఇంటికొచ్చిన ఆదివారాలైనా సరే. పూర్తిగా వదిలేసినా సాహిత్యం అంత తొందరగా మరచిపోదు. ముందు పోయేవి తారస్థాయి (పై స్వరాలు), ఊపిరి నిలకడ, గమకంలో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంలో, స్వరం ఉన్నచోటే తగలడం. వాటిని తిరిగి తెచ్చుకోవడానికే నెలలు పడుతుంది.

ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఒక పేరు కావాలంటే శ్రీపాద పినాకపాణి (1913–2013) గారున్నారు. వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ లాంటివాళ్లకు పాఠం చెప్పారు. 1983లో సంగీత కళానిధి, మరుసటేడు పద్మభూషణ్ అందుకున్నారు. ఆయనతో పోలికేమిటి అంటారేమో. మీ అమ్మాయిని ఆయనంత కమ్మని ఎవరూ అడగడం లేదు కదా, పావుగంటే అడుగుతున్నాం.

ప్రశ్న: గుంటూరులో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. గాత్రం. పగలు పోస్టింగులు, క్లాసులు. రూమ్మేట్లకు ఇబ్బంది కాకూడదని రాత్రి పదకొండు దాటాక మెల్లగా పాడుకుంటున్నాను. మూడు నెలలుగా తారషడ్జం దాటగానే గొంతు గీరబోతోంది. సాధకం చాలకనేనా?
– విద్యార్థిని

జవాబు: ముందు ఈఎన్‌టీ ఓపీకి వెళ్లి లారింగోస్కోపీ చేయించుకోండి. గీర మూడు వారాలు దాటితే చాలు, స్వరపేటికను చూపించుకోవాలి. మీకు మూడు నెలలైంది. కాబోయే డాక్టర్లే ఇలా వాయిదాలు వేస్తుంటారు!

స్వరతంత్రుల (వోకల్ కార్డ్స్) మీద బుడిపెలేమీ లేవని తేలితే, మేం అనుమానించేది రెండింటిని. మొదటిది ఆ మెల్లగా పాడటం. పక్కమంచం మీదివాళ్లకు వినపడకూడదనుకున్నప్పుడు ఊపిరి బిగబట్టి, గొంతు నొక్కి పాడతాం. తంత్రులు సరిగా కలవవు, మధ్యలోంచి గాలి పోతుంది. ఆ లోటు పూడ్చడానికి మెడ కండరాలు బిగుసుకుంటాయి. మంద్రంలో (కింది స్వరాల్లో) ఇది తెలియదు, పైకి వెళ్లేకొద్దీ బయటపడుతుంది. గుసగుసగా పాడితే గొంతుకు విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు. అది ఉత్త మాట.

రెండోది భోజనం వేళ. మెస్సులో తొమ్మిదిన్నరకు గోంగూర, ఊరుమిరపకాయలు, మీద ఒక టీ, పన్నెండుకు పడక. పొట్టలోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నడానికి ఇది చాలు. గుండెమంట లేకపోయినా ఇది జరుగుతుంది. పొద్దున్నే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుండటం, మాటిమాటికీ గొంతు సకిలించాలనిపించడం గుర్తులు. తిండికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచండి. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 సెంటీమీటర్లు ఎత్తండి. రెండు దిండ్లు వేసుకుంటే నడుం దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. సకిలించాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు తాగి మింగండి. సకిలించిన ప్రతిసారీ తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

ఇక సాధకం పొద్దున ఆరింటికి మార్చండి. మేడ మీదో, ఖాళీ గదిలోనో పూర్తి గొంతుతో ఇరవై అయిదు నిమిషాలు. మొదటి అయిదు నిమిషాలు స్ట్రాకి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు మూడు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, బుడగలు తెగకుండా ‘ఊ’ అంటూ మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకా నెమ్మదిగా ఎక్కి దిగండి. బుడగలు ఆగి ఆగి వస్తున్నాయంటే ఊపిరి సమంగా రావడం లేదన్నమాట. తర్వాత ఎనిమిది నిమిషాలు జంట వరసలు అకారంలో, ఏడు నిమిషాలు వర్ణం, చివర వచ్చిన కృతి ఒకటి. మీ శ్రుతి (ఆధార స్వరం) అయిదున్నర అయితే, నైట్ పోస్టింగ్ మర్నాడు శ్రుతిపెట్టెను అయిదుకు దించి పాడండి. ఆ రోజు కొత్త సంగతి మాత్రం ఎత్తుకోవద్దు. నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుంది, నిద్ర లేని బుర్రకు ఎక్కించింది రెండోరోజుకే కారిపోతుంది.

రాత్రిపూట చేయదలిస్తే చేతికి పనిచెప్పండి. రికార్డు చేసుకున్న పాఠం వింటూ చిట్టస్వరాలు నోటు పుస్తకంలో రాయండి, నోరు మెదపకుండా తాళం వేస్తూ లెక్క చూసుకోండి.

ప్రశ్న: విజయవాడలో జనరల్ సర్జరీ పీజీలో చేరాను. వీణ గోటితో మీటడం అలవాటు. థియేటర్లో గోళ్లు తీసేయమన్నారు. మీటులో మునుపటి నాదం లేదు. పైగా ఎడమచేతి వేళ్ల కాయలు మెత్తబడి చీలుతున్నాయి. ఏం చేయను?
– పీజీ డాక్టర్

జవాబు: గోళ్ల దగ్గర బేరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అర సెంటీమీటరు లోపే ఉండాలంటుంది. అంటించుకునే గోళ్లు అసలు కుదరవు. స్క్రబ్ ఎంత చేసినా గోటి కింది సూక్ష్మజీవులు పూర్తిగా పోవు, పొడుగు గోరు గ్లవ్‌ను చింపుతుంది. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లకు తీగతో చేసిన తొడుగులు వేసుకోవడమే దారి. బిగుతైతే పది నిమిషాల్లో వేలికొన తిమ్మిరెక్కుతుంది, వదులైతే మీటినప్పుడల్లా తిరుగుతుంది. అందుకని వాయించి చూసి కొనండి. లోహం కాబట్టి నాదం మొదట్లో కరుగ్గా ఉంటుంది. మీటు లోతు తగ్గించి, గుర్రానికి (తీగలు ఆనే వంతెనకు) కాస్త దూరంగా, మెట్ల వైపు జరిగి మీటితే మెత్తబడుతుంది. చెయ్యి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. తాళపు తీగలకు చిటికెనవేలు ఉత్తదే చాలు.

ఎడమచేతి సంగతి. స్క్రబ్ మందు, గంటలకొద్దీ గ్లవ్ లోపలి చెమట కలిసి కాయ నానిపోతుంది. అలా నానిన వేలితో సారణి తీగను లాగి గమకం పలికిస్తే తెగక ఏం చేస్తుంది? థియేటర్ నుంచి వచ్చాక వేళ్లు పూర్తిగా ఆరేదాకా, కనీసం గంటసేపు, వీణ ముట్టవద్దు. కాయ అంచులు లేస్తే బ్లేడు పెట్టకుండా గోళ్లు అరగదీసే రేకుతో వారానికోసారి నునుపు చేయండి. వేలు జారడానికి కొబ్బరినూనె రాస్తారు కదా, మర్నాడు డ్యూటీకి ముందు సబ్బుతో పూర్తిగా కడగండి. నూనె తగిలితే లేటెక్స్ గ్లవ్ బలహీనపడుతుంది. పచ్చి చీలిక ఉన్నరోజు స్క్రబ్ కాకముందే సీనియర్‌కు చెప్పండి.

2023 పీజీ నిబంధనల్లో ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు, పని వీలును బట్టి వారానికో సెలవు ఉన్నాయి. ఆ వారపు సెలవు పొద్దుట నిద్రకే వదిలేసి, పాఠం సాయంత్రం పెట్టుకోండి. ఒక్కమాట, మే నెలలో వీణను ఆసుపత్రి పార్కింగులో, కారులో వదలకండి. మన ఎండకు మెట్లను నిలిపే మైనం మెత్తబడి అవి కుంగితే మళ్లీ కూర్పించుకోవాల్సిందే. వీణలు చేసే నూజివీడు దగ్గరే కదా అని ధీమా పడితే, పోవడానికి సెలవు మళ్లీ మీదే ఖర్చు.

ప్రశ్న: పీహెచ్‌సీలో ప్రభుత్వ వైద్యాధికారిని. ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్లవచ్చా? సభల్లో పారితోషికం తీసుకోవచ్చా?
– గుంటూరు జిల్లా

జవాబు: ఆడిషన్‌కు నిక్షేపంగా వెళ్లండి. బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి. డబ్బు ముట్టే ప్రతి కార్యక్రమానికీ డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ద్వారా ముందుగానే రాతపూర్వక అనుమతి తీసుకోండి, నోటిమాట పనికిరాదు. సభవాళ్లకు తేదీ ఇచ్చేది డ్యూటీ చార్టు చేతికొచ్చాకే. ఆన్‌కాల్ రోజు ఒప్పుకుంటే, ఫోను మోగినప్పుడు వేదిక మీద మిగిలేది వయొలినూ మృదంగమే.

ప్రశ్న: కచేరీ రోజు జలుబు చేస్తే సెటిరిజిన్ వేసుకుని పాడవచ్చా?
– హౌస్ సర్జన్, విజయవాడ

జవాబు: వద్దు. ముక్కుతోపాటు గొంతునూ ఎండగట్టేస్తుంది, మగత కూడా. ఉప్పునీళ్లతో ముక్కు కడిగి, ఆవిరి పట్టి, పల్లవి అనుపల్లవి పాడి చూసుకోండి. మెంథాల్ బిళ్లలు నొప్పిని కప్పిపుచ్చుతాయి, దాంతో గొంతును ఎంత శ్రమపెడుతున్నారో తెలియదు. ఆస్పిరిన్ జోలికి అసలే పోవద్దు, తంత్రుల్లో రక్తనాళం చిట్లితే రక్తం ఎక్కువగా కారుతుంది. మాట కూడా పెగలనంత బొంగురు ఉంటే కచేరీ రద్దు చేసుకోండి.